ఒంటిగంటా పదికి ఏనుగు

చరిత్రను తేదీల వారీగా రాసే పెద్దలు పట్టాభిషేకాలకూ, కోట ముట్టడులకూ ఇచ్చినంత చోటు మనుషుల చిన్న అలవాట్లకు ఇవ్వరు. అందువల్లే ఆ ఆరంతస్తుల భవనంలో ఇరవయ్యారేళ్ళ పాటు, సెలవుదినాలు మినహా, మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటా పది నిమిషాలకు జరుగుతూ వచ్చిన ఒక ఘట్టం ఏ గ్రంథంలోకీ ఎక్కలేదు. ఆ వేళకు లిఫ్టు ఆరో అంతస్తులో ఆగేది. దాన్ని నడిపే ఆయన కటకటాల తలుపు బర్రున లాగి, "ఇప్పుడే వస్తా" అని రాసిన అట్టముక్క తగిలించి, పద్దెనిమిది మెట్లెక్కి మేడ మీదకు చేరేవాడు. అక్కడ వరసగా ఉన్న కుండీల ముందు ఒంగి, ఒక్కో మొక్క పొట్ట మీదా బొటనవేలు ఆనించి ఒక్కసారి నొక్కేవాడు. అంతే. నొక్కి, తల పంకించి, దిగి వచ్చేవాడు.

ఆ కాసేపు ఎంతటివాడైనా మెట్లెక్కవలసిందే. ఒకసారి నాలుగో అంతస్తు బీమా ఆఫీసుకు తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఒంటిగంటా పన్నెండుకు కింద నిలబడి, ఆ తరవాత నాలుగంతస్తులూ నడిచి ఎక్కి, ఆయాసంతో కుర్చీలో కూలబడి, ఒక్క ఫైలు కూడా తెరవకుండా అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టి వెళ్ళాడు. బీమా ఆఫీసువాళ్ళు ఆ అట్టముక్కను అప్పటినుంచి భక్తితో చూసేవారు.

ఆయన్ని భవనంలో అందరూ బాబాయ్ అనేవారు. ఆయనకంటే ఏడేళ్ళు పెద్దదైన మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ కూడా బాబాయ్ అనే పిలిచేది. ఆ వరస ఎలా కుదిరిందని అడిగే సాహసం ఆయన చేయలేదు. పళ్ళు ఆవిడ చేతిలో ఉన్నాయి మరి. ముప్ఫై మూడేళ్ళుగా బొత్తాలు నొక్కి నొక్కి ఆయన కుడి బొటనవేలికి మిగతా వేళ్ళకు లేని వివేకం అబ్బింది. రెండో నంబరు బొత్తం ఎడమ అంచున నొక్కితేనే పలుకుతుంది. ఐదును సగం నొక్కి, ఒక్క క్షణం బుజ్జగించి, ఆ తరవాత పూర్తిగా నొక్కాలి. కొత్తవాళ్ళు నొక్కితే లిఫ్టు కాస్త మూలిగి ఊరుకునేది.

ఇంట్లోనూ ఆ వేలు కుదురుగా ఉండేది కాదు. టమాటాలు, దిళ్ళు, సైకిలు టైర్లు, చుట్టాల పిల్లల బుగ్గలు, అన్నీ నొక్కి చూసుకుంటేనే దానికి నమ్మకం. ఒకసారి భార్య జ్వరంతో పడుకుంటే దగ్గరికి వచ్చి భుజం మీద వేలు ఆనించబోయాడు.

"నన్ను నొక్కి చూడక్కర్లేదు. గట్టిగానే ఉన్నాను," అందావిడ కళ్ళు తెరవకుండానే.

మేడ మీద ఉన్నవి ఎడారి గులాబీలు. ఆ పేరులో రెండు అబద్ధాలున్నాయి: అది గులాబీ జాతి కాదు, ఆ సిమెంటు గచ్చు ఎడారీ కాదు. నర్సరీవాళ్ళు అడీనియం అంటారు. కాండం మొదలు కుండలా ఉబ్బి నీళ్ళు దాచుకుంటుంది. ఆ ఉబ్బిన దుంపే దాని సొగసు. పైన ఎంత మంచి పూలు విరిసినా, విషయం తెలిసినవాళ్ళు పెళ్ళికి వెళ్ళి వంటవాణ్ణి మాత్రమే పలకరించి వచ్చినట్టు, పూలను వదిలేసి దుంప వంకే చూస్తారు. దాన్ని మరుగుజ్జు చెట్టుగా మలచాలంటే రెండేళ్ళకోసారి కుండీలోంచి తీసి, వేళ్ళు కత్తిరించి, గాయాలు ఆరేదాకా నీడలో ఉంచి, మళ్ళీ నాటేటప్పుడు వేలెడంత పైకి లేపి నాటాలి. అంతవరకూ మట్టిలో దాగిన వేళ్ళు బయటపడి, ఎండకు బిగిసి, కాళ్ళలా తయారవుతాయి. ఇలా ఇరవయ్యేళ్ళు లేపుకుంటూ పోతే నాలుగు వేళ్ళ లోతు కుండీలో ఒక ముసలి వృక్షం నిలబడుతుంది. తొందర ఉన్నవాళ్ళు కోళ్ళు పెంచుకోవడం మంచిది.

దీనికి ఉన్న శత్రువల్లా నీళ్ళు. చలికాలం వస్తే ఆకులన్నీ రాల్చేసి, మోడులా నిద్రపోతుంది. అప్పుడు దాహం తీరుద్దామని ఎవరైనా చెంబెడు నీళ్ళు పోశారా, దుంప లోపల కుళ్ళుతుంది. పైకి ఏమీ కనపడదు. నొక్కితే మాత్రం మెత్తగా తగులుతుంది.

ఈ విద్యంతా బాబాయికి నేర్పింది మ్యాపులాయన. అప్పట్లో ఐదో అంతస్తులో సర్వే ఆఫీసు ఉండేది. మ్యాపులాయన అక్కడ ఏటవాలు బల్ల మీద ఒంగి, వెంట్రుకంత సన్నని గీతలతో నదులు గీసేవాడు. ఆయన గీసిన నది అసలు నదికంటే సవ్యంగా పారుతుందని పేరు. ఆయనకూ బాబాయికీ ఏడేళ్ళపాటు ఉన్న పరిచయమంతా "ఐదు" అన్న మాట ఒక్కటే. ఒక వేసవి మధ్యాహ్నం మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ నడుమ కరెంటు పోయి, ఇద్దరూ లిఫ్టులో ఇరుక్కునేదాకా అంతే.

ఆ రోజు మ్యాపులాయన చొక్కా జేబులో పెన్నుల పక్కన ఒక ఎండిన కాయ ఉంది, జంట కొమ్ముల్లా. ఎడారి గులాబీ కాయ పగలకముందే దానికి దారం చుట్టాలి, లేకపోతే గింజలు గాలిపాలవుతాయి. ఆఫీసుకు వెళ్ళి చుడదాంలే అనుకున్నాడాయన. గంటన్నర ఉక్కపోత తరవాత కాయ జేబులోనే టప్పున పగిలింది. రెండు చివర్లా దూది కుచ్చులున్న గింజలు పైకి లేచి, ఆ ఇనప పంజరంలో ఇద్దరి ముక్కుల ముందూ తేలసాగాయి.

"ఊపిరి బిగబట్టవోయ్. నువ్వు గాలి వదిలితే నా తోట ఎగిరిపోతుంది," అన్నాడు మ్యాపులాయన. ఏడేళ్ళలో ఆయన బాబాయితో అన్న మొదటి పూర్తి వాక్యం అదే.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి, దోసిళ్ళు చాచి, గింజల వెంట పడ్డారు. చాలా గింజలు కటకటాల సందుల్లోంచి గోతిలోకి దిగిపోయాయి. చివరకు మెకానిక్ వచ్చి తలుపు లాగేసరికి ఇద్దరు పెద్దమనుషులు మోకాళ్ళ మీద కూర్చుని, ముఖాలు ఎర్రబడి, గుప్పిళ్ళు మూసుకుని ఉన్నారు. అతను కారణం అడగలేదు. గుప్పిళ్ళలో పదకొండు గింజలు తేలాయి.

ఏడు మొలిచాయి. వాటిలో ఒకటి మొదటి ఏడాదే దిమ్మలా బలిసి, నాలుగు లావుపాటి వేళ్ళు నాలుగు వైపులా దించింది. దానికి ఏనుగు అని పేరు పెట్టారు. మ్యాపులాయన కోణాలు కొలిచే ఒక గుండ్రటి ప్లాస్టిక్ ప్రొట్రాక్టర్ తెచ్చి, దాన్ని దుంప కింద అడ్డం పెట్టి, వేళ్ళు నిలువుగా దిగకుండా డిగ్రీల ప్రకారం చుట్టూ పరిచి నాటాడు. కొమ్మలు వంచడానికి లిఫ్టు మోటారు చుట్టలోంచి మిగిలిన రాగితీగ బాబాయి తెచ్చాడు. ఇటుక ముక్కలు కొట్టి, ఇసక జల్లించి, బొగ్గు కలిపి, మేడ మీద ఇద్దరూ తయారు చేసే ఆ మిశ్రమాన్ని చూసి ఆరో అంతస్తు నోటరీగారు ఇల్లు కడుతున్నారనుకున్నారు.

పనిలో వాటాలు మొదటి రోజే తేలిపోయాయి. కత్తి మ్యాపులాయనది, బొటనవేలు బాబాయిది. మ్యాపుల మీద తప్పు గీతలు గీకేసే సన్నని చాకుతో మ్యాపులాయన వేళ్ళు కోసేవాడు. తెల్లటి పాలు కారేవి. "కళ్ళు నలుపుకోకు, విషం," అని ప్రతిసారీ హెచ్చరించేవాడు, బాబాయి ఒక్కసారీ నలుపుకోకపోయినా. ఇక బొటనవేలి సంగతి ఆయన చాలా గంభీరంగా చెప్పాడు.

"రోజూ నొక్కి చూడాలోయ్. ఒక్కరోజు కూడా మానకూడదు. అదీ భోజనాల వేళకే రావాలి. అప్పుడైతేనే దుంప ఎండకు సరిగ్గా ఉంటుంది, నిజం తెలుస్తుంది."

బాబాయి దాన్ని శాసనంగా స్వీకరించాడు. ఒంటిగంటా పదికి ఆయన మేడ ఎక్కేసరికి మ్యాపులాయన మోటారు గది గోడ నీడలో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, అన్నం డబ్బా విప్పుకుంటూ ఉండేవాడు. బాబాయి నొక్కేవాడు. "ఎలా ఉంది?" అనేవాడాయన. "గట్టిగా ఉందండీ," అనేవాడు ఈయన. ఆ తరవాత పది నిమిషాలు ఏవో కబుర్లు నడిచేవి. గది లోపల మోటారు ఆగి, వేడి నూనె వాసన వేసేది. ఏళ్ళ తరవాత కూడా ఎక్కడైనా వేడి నూనె వాసన తగిలితే బాబాయి నోటికి "గట్టిగా ఉందండీ" అనే మాట దానంతటదే వచ్చేది. పద్దెనిమిదేళ్ళు అలా గడిచాయి.

మ్యాపులాయన ఉద్యోగ విరమణ రోజున చాకును బాబాయి చేతిలో పెట్టి వెళ్ళాడు. సర్వే ఆఫీసు ఎత్తేసి, ఆ గదుల్లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ పెట్టారు. బాబాయి చాకును తగరపు డబ్బాలో దాచి, మళ్ళీ బయటికి తీయలేదు. తరవాత నాలుగుసార్లు కుండీ మార్చినా, పై వేళ్ళు చేత్తో తుంచి సరిపెట్టాడు. కోయడం తన వాటా కాదని ఆయన అభిప్రాయం. నొక్కడం మాత్రం ఏ రోజూ తప్పలేదు. బోర్లించిన బకెట్టు ఉన్నచోటే ఉంది.

ఎనిమిదేళ్ళు గడిచాక ఒకనాడు మ్యాపులాయన ఫోన్ చేశాడు. చూపు బాగా మందగించిందనీ, ఉన్న కాస్తా పోకముందే ఏనుగును ఒకసారి చూసుకోవాలని ఉందనీ, వచ్చే నెల చివరి శనివారం వస్తాననీ చెప్పాడు. బాబాయి ఆ రాత్రి భార్యకు ఈ కబురు మూడుసార్లు చెప్పాడు. మర్నాడు మేడ మీద గచ్చు కడిగించాడు.

సరిగ్గా అప్పుడే ఆయన పిత్తాశయంలో రాళ్ళు బయటపడ్డాయి. డాక్టరు పక్కటెముకల కింద బొటనవేలు పెట్టి నొక్కి, ఆపరేషన్ తప్పదన్నాడు. నొక్కి చెప్పిన మనిషి గనుక బాబాయి ఎదురు చెప్పలేదు. పన్నెండు రోజుల సెలవు. లిఫ్టు నడపడానికి తన బావమరిదిని పెట్టి, మేడ మీదకు తీసుకెళ్ళి, ఆకు లేని ఏనుగును చూపించి చెప్పాడు.

"ఏమీ చెయ్యకు."

"ఏమీ అంటే, బావా?"

"ఏమీ అంటే ఏమీ. నీళ్ళు అసలు పొయ్యకు. ముట్టుకోకు. నీకు బాగా వచ్చిన పనే కదా."

బావమరిది మాట నిలబెట్టుకున్నాడు. పన్నెండు రోజులూ ఒక్క చుక్క పోయలేదు. కాకపోతే సహజంగా జాలిగుండె. లిఫ్టెక్కిన ప్రతివాళ్ళకూ, పాపం బావ ఆస్పత్రిలో ఉన్నాడనీ, మేడ మీద ఆయన ప్రాణంలా పెంచుకున్న ఆ లావుపాటి చెట్టు ఆకులన్నీ రాలి ఎండిపోతోందనీ, తనకేమో నీళ్ళు పోయవద్దని ఆజ్ఞ అనీ నిట్టూర్చి చెప్పేవాడు.

పదమూడో రోజు ఒంటిగంటా పదికి, కుట్లు ఇంకా లాగుతుండగా, బాబాయి ఒక చేత్తో పొట్ట పట్టుకుని పద్దెనిమిది మెట్లెక్కాడు. మిగతా ఆరు మొక్కలూ గట్టిగా ఉన్నాయి. ఏనుగు మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు గోరు దాకా లోపలికి దిగిపోయింది.

ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. అడగవలసిన పనీ లేదు. లిఫ్టు గురించి ఆయనకు అనుభవం నేర్పిన ఒక సూత్రం ఉంది: మూడుకూ నాలుగుకూ నడుమ, బయట గోడ తప్ప ఏమీ కనపడనిచోట, మనిషి కడుపులో మాట దాచుకోలేడు. పైకి వెళ్ళినా, కిందికి వెళ్ళినా అంతే. ఆ సాయంత్రం లోపలే అందరూ కక్కేశారు. పళ్ళ డాక్టరమ్మ పుక్కిలించే గ్లాసుతో రోజుకు రెండు గ్లాసులే పోసిందట. బీమా ఆఫీసు అమ్మాయి సీసాలో మిగిలినవి పారబోయడం ఇష్టంలేక పోసిందట. కోచింగ్ సెంటర్ మాస్టారు విద్యార్థుల చేత వంతులవారీగా పోయించాడట. నోటరీగారు, తాను మొక్కకు నీళ్ళు పోసిన మాట వాస్తవమేననీ, అయితే అవి గోరువెచ్చటివనీ వాంగ్మూలం ఇచ్చారు. ప్రతి ఒక్కరూ తామొక్కరే పోస్తున్నామనుకున్నారు. ప్రతి ఒక్కరూ బాబాయ్‌కి చెప్పకుండా ఉంటే ఆశ్చర్యపోతాడని అనుకున్నారు. ఆ మాటైతే నిజమైంది.

ఎవరినని కోప్పడతాడు? ఆరంతస్తుల దయ అది. ఒక్కరైనా గిట్టనివాడు ఉండి ఉంటే తిట్టుకోవడానికి వీలుండేది.

మ్యాపులాయన రావడానికి తొమ్మిది రోజులుంది. వద్దని ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. చివరకు తగరపు డబ్బా తెరిచాడు. బావమరిది టార్చి పట్టుకున్నాడు, అతనికి విధించిన శిక్షలో భాగంగా. ఏనుగును కుండీలోంచి తీసి, కడిగి, బల్ల మీద పడుకోబెట్టి, బాబాయి చాకు ఆనించబోయి, మళ్ళీ బొటనవేలితోనే నొక్కి చూశాడు. ఇరవయ్యారేళ్ళుగా ఆ చెయ్యి నొక్కిందే గానీ కోయలేదు.

"బావా, నీ పొట్ట కోసిన డాక్టర్ని పిలుద్దామా?"

"టార్చి సరిగ్గా పట్టుకో."

కుళ్ళిన చోట దుంప గోధుమరంగు గుజ్జులా ఉంది. అది పోయి తెల్లటి గట్టి కండ కనపడేదాకా చెక్కుతూ పోవాలి. చెక్కినకొద్దీ లోపల ఇంకాస్త గోధుమరంగు. సగం పొట్ట పోయింది. నాలుగు కాళ్ళలో ఒకటి పోయింది. అట్టడుగున చాకు ఏదో గట్టిదానికి తగిలి టిక్కుమంది. దుంప తనలోకి మింగేసుకున్న గుండ్రటి ప్రొట్రాక్టర్. తొంభై దగ్గరి వేరు ఇంకా తొంభై దగ్గరే ఉంది. బాబాయి దాన్ని చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు. కోసిన చోట బూజుమందు పొడి అద్ది, ఏనుగుకు తాడు కట్టి, మోటారు గదిలో గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీశాడు. గాయం ఆరడానికి అదే పద్ధతి. చూడటానికి మాత్రం గౌరవప్రదంగా లేదు.

శనివారం మ్యాపులాయన వచ్చాడు. నల్లకళ్ళద్దాలు, చేతికర్ర. లిఫ్టులో బాబాయి ఏవేవో మాట్లాడాడు, ఏనుగు మాట తప్ప. ఆరో అంతస్తులో దిగి, పద్దెనిమిది మెట్లూ ఆయన లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. చివరి మెట్టు మీద ఆగి గాలి పీల్చాడు.

"నూనె అదే వాడుతున్నారోయ్. ఏదీ ఏనుగు?"

బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని మోటారు గదిలోకి తీసుకెళ్ళి, వేలాడుతున్న దాని మీద పెట్టాడు. ఆ వేళ్ళు మెల్లగా తడిమాయి. మొదట కొమ్మలు తగిలాయి.

"తలకిందులుగా ఉంది."

"అవునండీ."

"పొట్ట ఏది?"

"తీసేశానండీ. కుళ్ళిపోయింది. నేను లేనప్పుడు అందరూ నీళ్ళు పోశారు."

మ్యాపులాయన కర్ర గోడకు ఆనించాడు. కోసిన అంచు వెంట వేలు నడిపాడు, ఒక కొస నుంచి ఇంకో కొసదాకా, మళ్ళీ వెనక్కి. బాబాయి కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరు కోశారు?"

"నేనేనండీ."

"వంకరగా కోశావు."

"అవునండీ."

"తిన్నగా కోసి ఉంటే మంచి కండ కూడా పోయేది. కుళ్ళు ఎటు పోతే అటే పోయావు. నదిని గీసేదీ అలాగే." వేలు తీసి, పొడి దులుపుకున్నాడు. "ఇంకో పది రోజులు ఆరనీ. ఆ తరవాత నాటు. పొట్టలో తొర్ర ఉన్న చెట్టుకే వయసు కనపడుతుంది. మనం ఇన్నాళ్ళూ దాన్ని మరీ బొద్దుగా ఉంచాం."

బాబాయి జేబులోంచి ప్రొట్రాక్టర్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. మ్యాపులాయన అంచు మీది గీతలు గోటితో తడిమి, అది పోయిందని అప్పట్లో ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేశానని చెప్పి, కోటు జేబులో వేసుకున్నాడు. బోర్లించిన బకెట్టు మీద కాసేపు కూర్చున్నాడు. బాబాయి మిగతా ఆరింటినీ నొక్కాడు. "ఎలా ఉన్నాయి?" "గట్టిగా ఉన్నాయండీ."

దిగేటప్పుడు లిఫ్టులో ఇద్దరే. ఐదు దాటింది. నాలుగు దాటింది. కటకటాల అవతల ఉత్త గోడ పైకి జరుగుతోంది.

"ఒక మాట చెప్పాలోయ్. రోజూ నొక్కక్కర్లేదు."

బాబాయి తిరిగి చూశాడు.

"నెలకోసారి చాలు. ఆ మాటకొస్తే అసలు నొక్కక్కర్లేదు. వేలికి మెత్తగా తగిలిందంటే లోపల అప్పటికే అయిపోయినట్టు."

"మరి రోజూ అన్నారు కదండీ. భోజనాల వేళకే అన్నారు."

"అనకపోతే రోజూ వచ్చేవాడివా?" మ్యాపులాయన కర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "నీకలా చెప్పిన ఏడాదే మా ఆవిడ పోయింది. ఆఫీసులో అందరూ ఒకచోట కూర్చుని తింటుంటే నాకు ముద్ద దిగేది కాదు. ఒక్కణ్ణే మేడ మీద కూర్చున్నా దిగేది కాదు. ఎవరైనా ఒకరు వచ్చి, పదినిమిషాలుండి పోతే బాగుండుననిపించింది. ఊరికే రమ్మంటే ఏం బాగుంటుంది?"

కింది అంతస్తు వచ్చింది. బాబాయి తలుపు లాగాడు, ఎప్పటికంటే నెమ్మదిగా. మ్యాపులాయనను వీధి దాకా దిగబెట్టి, ఆటో ఎక్కించి, తిరిగి వచ్చి తన ఎత్తుపీట మీద కూర్చున్నాడు. పైన ఎవరో గంట కొడుతున్నారు.

సోమవారం ఒంటిగంటా పదికి లిఫ్టు ఆరో అంతస్తులో ఆగింది. బాబాయి అట్టముక్క తగిలించి, పద్దెనిమిది మెట్లెక్కి, మోటారు గదిలోకి వెళ్ళి ఏనుగును నొక్కి చూశాడు. శనివారం ఉన్నంత గట్టిగానే ఉంది.